బారాఖంబా రోడ్డు మీద ఢోలు

నిన్న పొద్దున కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు, సోమవారం ఇంటర్వ్యూ అని ఇంట్లో చెప్పావు. ఈవేళ మధ్యాహ్నం ఢిల్లీ బారాఖంబా రోడ్డు మీద, భుజాన బ్యాగుతోనే నిలబడి ఉన్నావు. 2018 నవంబరు చివరి ఆదివారం. ఆఫీసులకు తాళాలు. గాలి నిండా పొగ, గొంతు గరగరలాడుతోంది.

చెవిలో ‘స్మాల్‌టౌన్ బాయ్’. లండన్ బ్యాండు బ్రాన్‌స్కీ బీట్ 1984లో చేసిన పాట. చిన్న ఊళ్లో ఇమడలేక ఇల్లు వదిలి వెళ్లిపోయిన కుర్రాడి కథ. జిమ్మీ సోమర్‌విల్ గొంతు ఆడగొంతంత పైకి పోతుంది. కింద సింథసైజర్ రైలు చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. భోపాల్ దాటాక రాత్రంతా అదే విన్నావు.

బ్యాండులో ముగ్గురూ తాము గే అని దాచుకోనివాళ్లే. ఆ ఏడే వచ్చిన ఆల్బమ్ పేరు ‘ది ఏజ్ ఆఫ్ కన్సెంట్’. మగవాళ్లిద్దరు కలవాలంటే ఏ దేశపు చట్టం ఎన్నేళ్లు నిండాలంటుందో రికార్డు లోపలి కవరు మీద అచ్చేశారు. బ్రిటన్‌లో అప్పుడు 21. ఆడా మగా అయితే 16 చాలు. డాన్సు చేద్దామని రికార్డు కొన్నవాడి చేతిలో చట్టం పెట్టారు చూడు, నన్నడిగితే పాటల కన్నా అదే గట్టి పని.

ఢమ్!

ఇది చెవిలోది కాదు. మూరెడు దూరంలో ఢోలు. ఒక చేత కొనవంపు కర్ర, ఇంకో చేత సన్నటి బద్ద. మన డప్పుకు సిర్ర, చిటికెన పుల్ల ఉన్నట్టే. తోలు నడిమధ్య అరిగి నల్లబడింది. సోమర్‌విల్ వినబడటం లేదు. ఇయర్‌ఫోన్ తీసి జేబులో వేసుకున్నావు.

జరీచీరలో ఉన్న ఒకామె నీ బ్యాగు చూసి, “స్టేషన్ నుంచి నేరుగా ఇక్కడికేనా బేటా?” అని హిందీలో అడుగుతూ బిస్కెట్ ప్యాకెట్ చాపింది.

2008 జూన్‌లో ఇదే రోడ్డు మీద మొదటి ప్రైడ్ ఊరేగింపు జరిగినప్పుడు మాస్కులు తొడుక్కున్నవాళ్లున్నారు. మగవాళ్లిద్దరు కలిస్తే నేరమంటూ బ్రిటిషువాళ్లు 1860లో రాసిన 377వ సెక్షను అప్పటికింకా బతికే ఉంది. 2009లో హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. మొన్న సెప్టెంబరు 6న, ఇష్టపడి కలిసే పెద్దవాళ్ల విషయంలో అది చెల్లదని ఆ కోర్టే తేల్చింది. పిటిషనర్లలో మొదటి పేరు నవతేజ్ సింగ్ జోహార్, భరతనాట్య కళాకారుడు. ఆ పెద్ద తీర్పును ఇప్పుడు ఒక నర్తకుడి పేరుతో పిలుస్తున్నారు.

గుంపు జంతర్ మంతర్ వైపు కదిలింది. జేబులో ఫోను.

“దిగినవా బిడ్డా? ఏందా డప్పుల సప్పుడు?”

“ఊరేగింపమ్మా.”

“ఎవరి పెండ్లిరా?”