అల్లిక రెక్కల పురుగు

పేనుబంక, తామర పురుగులు, తెల్లదోమ, పిండినల్లి వంటి రసం పీల్చే పురుగులను తినే మిత్రపురుగు ఇది. వ్యవసాయ శాఖ వాళ్లు క్రైసోపా అనీ అంటారు. గ్రీకులో ఆ మాటకు బంగారు కళ్లది అని అర్థం. క్రైసోపిడే కుటుంబంలో 1,200కు పైగా జాతులున్నాయి. మన చేలలో ఎక్కువగా కనిపించే జాతి పేరు క్రైసోపెర్లా జాస్ట్రోవి సిల్లెమి. నల్లమల అంచునున్న యర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం మండలాల్లో రైతులు వేసే పత్తి, మిరప, కంది పైర్లు దీనికి సరిపడే చోట్లు.

గుర్తుపట్టడం

రెక్కల పురుగు పొడవు సుమారు ఒక సెంటీమీటరు. ఒళ్లు లేతాకుపచ్చ; వీపు మీద నిలువునా పసుపు చార. రెక్కలు గాజులా ఉండి, వాటి మీద ఈనెలు వల అల్లినట్టు కనిపిస్తాయి. వాలినప్పుడు నాలుగు రెక్కలనూ పూరిపాక కప్పులా ఒంటి మీదకు వాల్చుకుంటుంది. పొద్దుగూకాక వసారాలో బల్బు దగ్గర తడబడుతూ ఎగురుతుంది. పచ్చగా ఉంది కదా అని పచ్చదోమ అనుకోవద్దు. పచ్చదోమ ఇందులో మూడో వంతు కూడా ఉండదు, ఆకు కదిలిస్తే అడ్డంగా నడిచి గెంతేస్తుంది.

ఏమాత్రం పొరబడే వీల్లేని గుర్తు మాత్రం గుడ్డే. వెంట్రుకంత సన్నని కాడ, దాని కొసన నువ్వుగింజ కంటే చిన్న లేతాకుపచ్చ గుడ్డు. ఎండలో ఆ కాడ కంటికి ఆనదు. ఆకును మార్కాపురం నల్ల పలకకు ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూడండి, కాడలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు. ఆడపురుగు పొట్ట కొసతో ఆకు మీద జిగురు చుక్క అద్ది, పొట్ట పైకెత్తుతుంది. చుక్క దారంలా సాగి క్షణాల్లో గట్టిపడుతుంది, గుడ్డు దాని మీద నిలుస్తుంది. ఇది చీమలకు అందకుండా చేసుకున్న ఏర్పాటు. ముందు పుట్టిన తోబుట్టువుల నుంచి కాపాడేదీ ఇదే. ఆకలేస్తే ఈ పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి.

మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగులుతుంది. పిల్లపురుగు చిన్న మొసలిలా ఉంటుంది: బూడిద, గోధుమ చారల ఒళ్లు, తల ముందు రెండు కొడవళ్లలాంటి దవడలు. ఆ దవడలు లోపల బోలుగా ఉంటాయి. పేనుబంకను పొడిచి పైకెత్తి, లోపలికి జీర్ణరసం పంపి, కరిగినదంతా పీల్చి, తొక్క పారేస్తుంది. పది రోజుల్లో ఇలా వందల పురుగులను తినేసి, పెసరగింజంత తెల్లని పట్టుగూడు కట్టుకుంటుంది. ఈ రూపం చూసి పైరును కొరికే పురుగేమోనని నలిపేయడం చాలా సహజం. అక్కడా నష్టం జరుగుతోంది. మన జాతిలో వేటాడేది పిల్లపురుగే. రెక్కలొచ్చాక పుప్పొడి, పూలతేనె, పేనుబంక విడిచే తీపి జిగురు తిని బతుకుతుంది.

కొన్ని జాతుల పిల్లలు తిన్న పురుగుల తొక్కలూ చెత్తా వీపు మీద మోస్తూ మాటు వేస్తాయి. ఈ అలవాటు ఎంత పాతదంటే, స్పెయిన్‌లో దొరికిన, దాదాపు 11 కోట్ల ఏళ్ల నాటి శిలగా మారిన చెట్టుబంకలో చెత్త మోస్తున్న పిల్లపురుగు ఉందని 2012లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

పేర్ల కథ

జపాన్‌లో ఈ గుడ్ల గుత్తిని ఉదుంబర పుష్పం అంటారు. ఉదుంబరమంటే మన మేడి. మేడి పూలు కాయ లోపలే ఉండిపోతాయి, బయటికి కనిపించవు. మూడు వేల ఏళ్లకొకసారి పూస్తుందని బౌద్ధులు చెప్పుకునే ఆ పువ్వు పేరు ఈ గుడ్లకు వచ్చింది. ఐరోపాలోనూ వీటిని చిన్న మొక్కలనుకున్నవాళ్లు ఉన్నారు. 18వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమ్యూర్ వీటి గుట్టు విప్పాడు, పిల్లపురుగులను పేనుబంకల సింహాలన్నాడు. 1758లో లిన్నేయస్ ఒక జాతిని హెమెరోబియస్ ప్రజాతిలో చేర్చాడు. ఆ మాటకు ఒక్కరోజు బతికేదని అర్థం. నిజానికి ఇది వారాల తరబడి బతికి, వందల గుడ్లు పెడుతుంది. 1815లో లీచ్ పెట్టిన క్రైసోపా అన్న పేరే దీనికి తగింది.

మన జాతి పేరు తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1935లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఎస్బెన్-పీటర్సన్ సిల్లెమి పేరుతో వర్ణించినా, దశాబ్దాల పాటు మన పుస్తకాలన్నీ దీన్ని ఐరోపా జాతి పేరుతో క్రైసోపెర్లా కార్నియా అనే రాశాయి. చూపుకు రెండూ ఒకటే. తేడా పాటలో ఉంది. ఆడా మగా పొట్ట అదిలించి, ఆకు గుండా కంపనాలు పంపుకుంటాయి. మన చెవికి వినపడవు. జాతి మారితే ఆ లయ మారుతుంది, లయ కలవకపోతే జత కుదరదు. అమెరికాలో చార్లెస్ హెన్రీ ఈ పాటలను ఏళ్ల తరబడి రికార్డు చేశాడు. ఆయన బృందం, మన శాస్త్రజ్ఞుడు వెంకటేశన్ కలిసి 2010లో భారతదేశపు పురుగు జాస్ట్రోవి ఉపజాతి అని తేల్చారు.

చేలల్లో

మిత్రపురుగుల వంటి వాటితో చీడలను అదుపుచేయడమే జీవనియంత్రణ. దేశంలో దానిపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1977లో మొదలైంది. ఆ పని ఇప్పుడు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ చూస్తోంది. ప్రయోగశాలల్లో ఈ పురుగును నిల్వ ధాన్యంలో పెరిగే కార్సైరా పురుగు గుడ్లు మేపి పెంచుతారు. ఒకదాన్నొకటి తినకుండా పిల్లలను విడివిడి గదుల్లో ఉంచాలి, అందుకూ ఖర్చవుతుంది.

1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో మందుల మీద మందులు కొట్టారు. వాటికి మిత్రపురుగులు ముందు చచ్చాయి, తెల్లదోమ తిరిగి పెరిగింది. అప్పుల్లో కూరుకుని రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరపను నల్ల తామర పురుగు ముంచినప్పుడూ చేలల్లో పిచికారీలు పెరిగాయి. ఈ పురుగు ఒక్కటే ఆ గండాలు గట్టెక్కించేదని అనలేం. కానీ ఖర్చు లేకుండా చేలోనే పుట్టి పనిచేసే దాన్ని మన చేత్తో చంపుకోవడం మాత్రం నష్టమే. గట్టున ఆముదం, జొన్న ఉంటే పుప్పొడి దొరికి రెక్కల పురుగులు నిలుస్తాయి.

పంపు భుజానికెత్తుకునే ముందు నాలుగు ఆకులు తిప్పి చూడండి. పేనుబంక ఇంకా మొదట్లోనే ఉండి, కాడల మీద గుడ్లు కనిపిస్తే నాలుగు రోజులు ఆగండి.