తడిసిన ఖాతా పుస్తకం

(ఇందులో తారీఖులు, ఊళ్ళు, సముద్రం చేసిన విధ్వంసం జరిగినవే. కొట్టు యజమానులు, ఇరుగుపొరుగు, వాళ్ళ మాటలు మాత్రం ఆనాటి పరిస్థితుల్ని బట్టి అల్లినవి.)

2004 డిసెంబర్ 26. ఆదివారం. మార్గశిర పౌర్ణమి.

అండమాన్‌లో తొందరగా తెల్లారుతుంది. ఆరు దాటేసరికే పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదురుగట్టున ఉన్న బ్యాంబూఫ్లాట్ జెట్టీ మీద ఎండ పడింది. క్రిస్మస్ మర్నాడు, అందులోనూ సెలవు. చాథం వెళ్ళే ఫెర్రీ కోసం జనం పల్చగా నిలబడ్డారు. బజారులో కిరాణా కొట్టాయన షట్టరు ఎత్తాడు. గుమ్మంలో నీళ్ళు చల్లాడు. దేవుడి పటం ముందు అగ్గిపుల్ల గీశాడు. పక్కన కాకా టీకొట్టులో పాలు పొంగుకొస్తున్నాయి.

అగరొత్తి అంటుకోలేదు. చెయ్యి వణుకుతోంది కాబోలు అనుకున్నాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. రెండు చేతులూ వణికాయి.

ఆరున్నర ప్రాంతం.

అరలో డబ్బాలు ఒక్కొక్కటే ముందుకు జరిగాయి. బిస్కెట్ డబ్బా పడింది. నూనె సీసాలు భళ్ళున పగిలాయి. పైన రేకులు దడదడలాడాయి, బజారులో కుక్కలన్నీ ఒక్కసారే మొరగడం మొదలెట్టాయి, ఎవరో అల్లా అన్నారు, ఎవరో అమ్మా అన్నారు, గోడ పట్టుకుందామంటే గోడే ఊగుతోంది, ఇక ఆగుతుంది ఇక ఆగుతుంది అనుకుంటూనే ఉన్నారు, ఎంతసేపైనా ఆగదే! చివరికి ఆగింది. టీకొట్టు పొయ్యి మీద పాలగిన్నె లేదు. నేల మీద తెల్లటి మడుగు.

సుమత్రా పక్కన సముద్రం అడుగున మొదలైన చీలిక ఉత్తరంగా సుమారు 1,300 కిలోమీటర్లు పాకి అండమాన్ కిందికి వచ్చింది. తీవ్రత 9.1. ఆ లెక్కలు తరవాత తెలిశాయి. అప్పటికి బజారుకు తెలిసింది ఒక్కటే, బతికిపోయాం. మనుషులు నవ్వుకున్నారు కూడా. కొట్టాయన చీపురు తీసి గాజు పెంకులు ఊడుస్తున్నాడు.

ఇంటి వెనక నుంచి భార్య కేక వినిపించింది.

“ఓలయ్యా! జెట్టీ కాడ నీళ్ళు లేవు, సూడు!”

జెట్టీ స్తంభాలు అడుగుదాకా బయటపడ్డాయి. ఎప్పుడూ ఎవరూ చూడని బురద ఎండలో మెరుస్తోంది. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. పడవలు పక్కకు ఒరిగి పడుకున్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు చేపలకోసం మెట్లు దిగబోయారు.

“దిగకండ్రా! పైకి పరిగెత్తండి!” కాకా గొంతు చిరిగిపోయేలా అరిచాడు. ఎందుకలా అనిపించిందో ఆయనకే తెలీదు. నీళ్ళు లేని సముద్రాన్ని చూసి భయపడ్డాడు, అంతే.

అల గోడలా లేచి రాలేదు. పొంగింది. జెట్టీ మునిగింది, రోడ్డు మునిగింది, గుమ్మంలోంచి నల్లటి నీరు లోపలికి జారింది. పాదాలు. పిక్కలు. మోకాళ్ళు.

కొట్టాయన చేతిలో గల్లాపెట్టె ఉంది. దాని మీద ఖాతా పుస్తకం. ఎర్ర అట్ట, పొడుగాటి పుస్తకం. ఊరి అప్పంతా అందులోనే ఉంది. ఆ రెండూ చంకన పెట్టుకుని బయటపడబోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. టీకొట్టు వెనక గదిలో కాకా తల్లి మంచం మీద ఉంది. ఆవిడ లేవలేదు.

పెట్టెనూ పుస్తకాన్నీ పై అరలోకి తోశాడు. అటు పరిగెత్తాడు. కాకా అప్పటికే తలుపు మీద భుజం వేసి నెడుతున్నాడు. లోపలి నీరు తలుపును బిగించేసింది. “ఒకటి, రెండు...” ఇద్దరూ కలిసి తోశారు. తలుపు ఊడింది. ముసలావిడ మంచంతో సహా తేలుతోంది. కొట్టాయన వీపు మీద వేసుకున్నాడు. ఛాతీ లోతు నీళ్ళలో ఇద్దరు మగవాళ్ళు, ఒక ముసలి ప్రాణం. కొండ రోడ్డు ఎక్కాక వెనక్కి తిరిగి చూశాడు.

కొట్టు షట్టరు కనబడటం లేదు.

నీళ్ళు తీశాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తీశాయి. మౌంట్ హ్యారియెట్ వాలు మీద నిలబడి జనం చూస్తూనే ఉన్నారు. ఊళ్ళోని డీజిల్ పవర్‌హౌస్‌లోకి ఉప్పునీళ్ళు దూరాయి. కరెంటు పోయింది. ఫోన్లు పోయాయి. ఫెర్రీ లేదు. ఎదురుగా చాథం కనిపిస్తూనే ఉంది. పడవలో పావుగంట లేదు. రోడ్డు మీద పోవాలంటే ద్వీపమంతా చుట్టుకుని నలభై కిలోమీటర్ల పైమాటే. అటువైపు కూడా జెట్టీలు దెబ్బతిన్నాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబురు లేదు. నికోబార్ నుంచి అసలే లేదు.

సాయంత్రం అయిదుంబావుకే పొద్దు కుంకింది. నిండు చంద్రుడు లేచాడు. నేల మళ్ళీ కదిలింది. పిల్లలు ఏడవడం మొదలెట్టారు. ఎవరి దగ్గరా గుక్కెడు పాలు లేవు.

పై ఊళ్ళకు పోవడమే మార్గం. వింబర్లీగంజ్ మీదుగా, ఫెరార్గంజ్‌కి.

ఫెరార్గంజ్ కథే విచిత్రమైంది. 1923 నుంచి 1931 దాకా అండమాన్ చీఫ్ కమిషనర్‌గా ఉన్న మైకేల్ లాయిడ్ ఫెరార్ పేరు ఆ ఊరిది. ఉత్తరాది నుంచి ‘నేరస్థ తెగ’ అనే ముద్ర వేసి తెచ్చిన భాంటూలను బ్రిటిష్‌వాళ్ళు ఈ చుట్టుపక్కలే దింపారు. 1921 మలబారు తిరుగుబాటులో పట్టుబడ్డ మాప్పిళ్ళ ముస్లింలను సమీప పల్లెల్లో పెట్టారు. అడవి పనికి రాంచీవాళ్ళొచ్చారు, దేశవిభజన తరవాత తూర్పు బెంగాల్ కాందిశీకులొచ్చారు, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మనవాళ్ళు వలలూ మూటలూ పట్టుకుని ఓడెక్కారు. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి 13 మంది పైనే. ఫెరార్గంజ్ తహసీలులో ఎవరింటి మూలం చూసినా ఎక్కడో ఒకచోట అన్నీ పోగొట్టుకున్న తాతో అవ్వో కనిపిస్తారు.

27వ తేదీ. ఫెరార్గంజ్ బజారు.

ట్రంక్ రోడ్డు పక్కన రేకుల కొట్టు. యజమానురాలిని ఊరంతా దీదీ అంటారు. ఇక్కడికి నీళ్ళు రాలేదు. గోడలు బీటలిచ్చాయి గానీ సరుకు పొడిగా ఉంది. పొద్దున్నుంచీ జీపులు, బస్సులు, నడిచొచ్చే కుటుంబాలు. తడిబట్టలు, బురద పాదాలు. బియ్యం బస్తాలు ఆరున్నాయి. పాలపొడి అరపెట్టె. కొవ్వొత్తులు అయిపోవచ్చాయి. ఈ దీవులకు ఉప్పు దగ్గర్నుంచి అగ్గిపెట్టె దాకా చెన్నై, విశాఖ, కలకత్తా నుంచి ఓడలో రావలసిందే. హాడో రేవు దెబ్బతింది. తరవాతి ఓడ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

ఒకతను లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా. గొంతు తగ్గించి అడిగాడు.

“దీదీ, ఉన్నదంతా నాకిచ్చెయ్. రెట్టింపు ఇస్తా. ఇప్పుడే, చేతికి.”

దీదీ అతని వంక చూసింది. తరవాత గుమ్మం బయటికి చూసింది. అక్కడ బ్యాంబూఫ్లాట్ కొట్టాయన నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు. భుజం మీద కాకా తువ్వాలు.

“నీ బేరం తరవాత,” అందామె. “భయ్యా, నువ్వు లోపలికి రా. మీ బజారువాళ్ళలో ఎవరింట్లో పసిపిల్లలున్నారో నీకు తెలుసు కదా?”

తెలుసు. ఎవరింట్లో పాలు తాగే బిడ్డ ఉందో, ఎవరికి చక్కెర జబ్బో, ఎవరు నెల మొదట్లో కొంటారో ఎవరు పావుకిలో చొప్పున కొంటారో, అన్నీ తెలుసు. పదేళ్ళుగా ఆ చేతులతోనే తూచాడు. అతను చెబుతుంటే దీదీ కొత్త నోటు పుస్తకం తీసి పేర్లు రాసింది. మనిషికింత బియ్యం. బిడ్డ ఉన్న ఇంటికే పాలపొడి. పాత ధరే. డబ్బున్నవాడు ఇస్తాడు, లేనివాడి పేరు పుస్తకంలో ఉంటుంది.

“నా గిరాకీలకు నువ్వు అప్పిస్తే, వాళ్ళు తీర్చకపోతే?” అడిగాడతను.

“తీర్చకపోతే నిన్నడుగుతా,” అంది దీదీ. “నువ్వెక్కడికి పోతావ్? దీవే కదా!”

ఇస్త్రీ చొక్కా అతను ఇంకా నిలబడే ఉన్నాడు. వరసలో నిలబడమంది అతన్ని కూడా. నిలబడ్డాడు. బియ్యం తీసుకుని వెళ్ళాడు.

30వ తేదీ. సగం సర్దుకున్న ప్రాణాల మీద మరో పిడుగు. ఇంకో సునామీ రావచ్చంటూ కేంద్ర హోం శాఖ తీరాలకు హెచ్చరిక పంపింది. దేశం తీరమంతా పరుగు. బురద కడుక్కోవడానికి బ్యాంబూఫ్లాట్ దిగినవాళ్ళు చీపుర్లు పారేసి మళ్ళీ కొండ ఎక్కారు. కొట్టాయన ఒక్కడే లోపల ఉండిపోయాడు. బురదలో చేతులు పెట్టి ఏదో వెతుకుతున్నాడు.

“ఏటి సేత్తన్నావు? పద!” భార్య చెయ్యి పట్టి లాగింది.

“దొరికింది,” అన్నాడు. ఎర్ర అట్ట.

సునామీ రాలేదు. అమెరికాలో ఓ ప్రైవేటు సంస్థ వేసిన అంచనా అది. అందులో పస లేదని ఆ రోజే కేంద్ర శాస్త్ర సాంకేతిక మంత్రి కపిల్ సిబల్ కొట్టిపారేశారు. ఆ పరుగులో జారిపడ్డవాళ్ళ దెబ్బలు మాత్రం నిజం. హడావుడిగా పంపిన ఆ హెచ్చరిక భయపడ్డ జనానికి మేలు కంటే కీడే ఎక్కువ చేసింది.

పుస్తకాన్ని కొండ మీద ఎండలో పెట్టారు. పక్కనే గల్లాపెట్టెలోని నోట్లు, రాళ్ళు బరువుంచి. ఇరవై రూపాయల నోట్లు వెల్లకిలా ఆరుతున్నాయి. వాటి వెనక అచ్చువేసిన కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ ఈ కొండ మీద నుంచి కనిపించే దృశ్యమే. నిజం సముద్రం కింద అలాగే మెరుస్తోంది.

ఒక్కో కాయితం ఊడదీసి చూశాడు. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. దీపావళికి కొన్న జెల్ పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలు. నెలన్నర అప్పు. పేర్లు లేవు, అంకెలు లేవు.

భార్య చాలాసేపు మాట్లాడలేదు. “మరి?” అంది చివరికి.

జనవరి మొదటివారం. బురద తోడేశారు. తడిసిన బియ్యం ఉబ్బి బస్తాలు చీలాయి, కంపు. బెల్లం కరిగి గోనెపట్టా మిగిలింది. సబ్బులు పనికొచ్చాయి. దీదీ రెండు బస్తాలు పంపింది, లెక్క రాసుకుని. కొట్టు తెరిచిన పొద్దున మొదట ఒగ్రాబ్రజ్ నుంచి దాదా వచ్చాడు. బెంగాలీ రైతు. పోక తోటలో ఉప్పునీళ్ళు నిలిచిపోయాయి.

“నావి నాలుగొందల ఇరవై,” అన్నాడు. “ఇప్పుడు లేవు. రాసుకో.”

కొట్టాయన నీలం మరక వంక చూశాడు. కొత్త పుస్తకంలో రాశాడు. బాల్‌పెన్నుతో.

ఆ తరవాత రాంచీ కూలీ. టీకొట్టు కాకా. జెట్టీలో చేపలమ్మే మన తల్లి ఒకావిడ, “బాబూ, సబ్బులు రెండు, కొబ్బరినూనె డబ్బా, అది కూడా ఏసుకో” అని తనకు గుర్తున్నవన్నీ ఏకరువు పెట్టింది. అందరూ రాలేదు. కొందరు మొహం చాటేశారు. కొందరు పోర్ట్‌బ్లెయిర్ శిబిరాలకు వెళ్ళిపోయి మళ్ళీ కనబడలేదు. వాళ్ళ కోసం అతను వెతకలేదు.

జనవరి 10. అమావాస్య. ఆ రోజు చంద్రుడు భూమికి బాగా దగ్గరగా కూడా ఉన్నాడు. నేల కదల్లేదు. గాలి లేదు. పొద్దెక్కుతుండగా మురిక్కాలవలోంచి నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చాయి. రోడ్డు తడిసింది. గుమ్మం తడిసింది.

“మళ్ళీ వచ్చేసిందా?” భార్య బిడ్డను ఎత్తుకుంది.

కాకా నీటి అంచు దగ్గర కూచుని చాలాసేపు చూశాడు. “ఇది పోటు,” అన్నాడు. “రోజూ వచ్చే పోటే. సముద్రం పెరగలేదు భాయ్. మనం దిగాం.”

నిజమే. ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీళ్ళపైకి లేచాయి. దక్షిణాన పోర్ట్‌బ్లెయిర్ చుట్టూ నేల దాదాపు మీటరు కుంగింది. ఇకమీద ప్రతి పౌర్ణమికీ అమావాస్యకూ సముద్రం పల్లపు వీధుల్లోకి వస్తుంది. ఎవరితో చెప్పుకోవాలి?

ఆ మధ్యాహ్నమే బజారు పనిలో పడింది. పాత పడవ పలకలు, కూలిన ఇళ్ళ దూలాలు మోసుకొచ్చారు. అడుగు అర అంతా పైకెత్తారు. కొట్లలో గచ్చు ఎత్తు పెంచారు, ఇవాళ ఒకరి కొట్టులో అందరూ, రేపు ఇంకొకరి కొట్టులో అందరూ. నాలుగు రోజులకు సంక్రాంతి. దీదీ పంపిన బియ్యంతో పొంగలి వండారు. బెల్లం మాత్రం ఫెరార్గంజ్‌లో కూడా దొరకలేదు. చక్కెర వేశారు.

పొలాలకు పలకలు వేయలేం. ఒగ్రాబ్రజ్‌లో, సిప్పీఘాట్‌లో ఉప్పునీళ్ళు నిలిచిన మడుల్లో చాలావాటికి నాగలి మళ్ళీ తిరగలేదు. అవిప్పుడు చిత్తడి నేలలు. పక్షుల్ని చూడటానికి కెమెరాలు పట్టుకుని వస్తుంటారు. ఆ నీళ్ళ కింద ఒక రైతు వరిమడి ఉందని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

సర్కారు బియ్యం వచ్చింది, సైన్యం వచ్చింది, ఓడలొచ్చాయి. వాళ్ళ సాయం చిన్నదేమీ కాదు. ఆ సాయం చేరేదాకా ఇలాంటి ఊళ్ళను ఆకలి నుంచి కాపాడేది మాత్రం గిరాకీ ఇంట్లో ఎందరున్నారో తెలిసిన చిన్న కొట్లే.

పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. మౌంట్ హ్యారియెట్ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. ఈసారి అండమాన్ వెళితే సెల్యులార్ జైలు చూసి వెనక్కి రాకండి. చాథంలో ఫెర్రీ ఎక్కండి. అవతల గట్టున దిగి, జెట్టీ దగ్గర కనబడ్డ ఏదైనా చిన్న కొట్టులో సబ్బుబిళ్ళైనా సరే, కొనండి.