ఆకుకు పరీక్ష ఉంది, మట్టికి లేదు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో పొగాకు బోర్డుకు వేలం కేంద్రాలున్నాయి. ఒకటి మర్రిపాడు మండలం డీసీ పల్లిలో, మరొకటి కలిగిరిలో. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల పొగాకు ఇక్కడికే వస్తుంది. ఇక్కడికి వచ్చే బేలులో ఆకు తప్ప మరేదీ ఉండకూడదు. యూరియా బస్తా నుంచి ఊడిన ప్లాస్టిక్ దారం పోగు, పాలిథిన్ ముక్క, గుట్కా ప్యాకెట్ చింపు కనిపిస్తే ధర పడిపోతుంది. వ్యాపార భాషలో వీటిని ఎన్‌టీఆర్‌ఎం అంటారు, అంటే ఆకు కాని పరాయి వస్తువులు. ఆకులో పురుగుమందుల అవశేషాలకు కూడా పరిమితులున్నాయి. అవి దాటితే విదేశీ కంపెనీలు కొనవు. అందుకే పొగాకు బోర్డు, కంపెనీలు ఈ రెండు విషయాల మీద రైతులకు అవగాహన సదస్సులు పెడతాయి.

అదే దారం పోగు, అదే పాలిథిన్ ముక్క, అదే మందు చేలోనే మిగిలిపోతే అడిగేవారు లేరు. ఆ చేలో వంగి పనిచేసే కూలి మనిషి చేతికి, ఊపిరికి, రక్తానికి పరీక్ష లేదు. సరుకును కాపాడటానికి ఒక వ్యవస్థ ఉంది. మట్టినీ మనిషినీ కాపాడటానికి అలాంటిది లేదు. ఆ మనిషి ఎక్కువగా దళితవాడ నుంచి వచ్చిన మనిషే. ఈ వ్యాసం ఆ లోటు గురించి.

మెట్ట నేల స్వభావం

నెల్లూరు అంటే అందరికీ గుర్తొచ్చేది పెన్నా డెల్టా వరి. సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలో, ఆత్మకూరుకు దగ్గర్లోనే ఉంది. కానీ వెలిగొండల అంచున ఉన్న సీతారామపురం, ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు వంటి మండలాల్లో సేద్యం ప్రధానంగా వానమీదా బోర్లమీదా నడుస్తుంది. పొగాకు బోర్డు లెక్కల్లో ఇది దక్షిణ తేలిక నేలల ప్రాంతం. పేరులో ఉన్నట్టే నేల తేలిక. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ.

కాలుష్యం విషయంలో ఈ తేలికదనమే ముప్పు. బంకమన్ను, సేంద్రియ పదార్థం రసాయనాలను కొంతవరకు పట్టి ఉంచుతాయి. తేలిక నేలలో ఆ పట్టు తక్కువ. నీటిలో కరిగే మందు వానతో పాటు కిందికి దిగిపోతుంది. కింద ఉన్నది బోరు నీరు. ఈ మెట్ట గ్రామాలకు ఫ్లోరైడ్ సమస్య ముందే ఉంది. అది రాళ్ల నుంచి సహజంగా వచ్చిన విషం. దాని మీద మనిషి చేసిన విషం కూడా చేరితే తట్టుకునే శక్తి ఎవరికి తక్కువో చెప్పనక్కర్లేదు. డబ్బా నీళ్లు కొనుక్కోలేని ఇంటికే.

చేలోకి ప్లాస్టిక్ వచ్చే దారులు

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా పంటలు, పశువుల పెంపకంలో ఏటా 1.25 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వస్తువులు వాడుతున్నారు. ఆ లెక్కలో మన ఊరి చేలు కూడా ఉన్నాయి.

ఎరువుల బస్తాలు, పురుగుమందు డబ్బాలు, పొడి మందుల ప్యాకెట్లు, నారు పెంచే ట్రేలు, డ్రిప్ పైపులు, పుచ్చ, మిరప సాళ్ల మీద పరిచే మల్చింగ్ షీటు. వీటిలో మట్టికి ఎక్కువ కీడు చేసేది మల్చింగ్ షీటే. షీటు పలచనైన కొద్దీ పంట అయ్యాక చింపకుండా తీయడం కష్టం. కూలి ఖర్చు మిగుల్చుకోవాలని చాలామంది దాన్ని అలాగే దున్నేస్తారు, లేదా గట్టున వేసి తగలబెడతారు.

పాలిథిన్ మట్టిలో కుళ్లదు. ఎండకు పెళుసై ముక్కలవుతుంది, ఆ ముక్కలు మళ్లీ ముక్కలవుతాయి. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిని మైక్రోప్లాస్టిక్ అంటారు. అవి నేలలో నీరు ఇంకే తీరును మారుస్తాయి, వానపాముల కడుపులోకి వెళ్తాయి, కొన్ని పురుగుమందులను తమకు అంటించుకుని ఉంచుతాయి. ఒకసారి కలిశాక ఏరి తీయడం సాధ్యం కాదు. పీవీసీ పైపు ముక్కలు తగలబెడితే డయాక్సిన్ల వంటి విషవాయువులు కూడా పుడతాయి. ఆ పొగ చేను దగ్గరే ఆగదు.

మందులు మట్టిలో ఏమవుతాయి

చల్లిన మందులో కొంతే పురుగుకు తగులుతుంది. మిగిలింది ఆకు మీద, నేల మీద, గాలిలో, కొట్టిన మనిషి ఒంటి మీద పడుతుంది. కొన్ని మందులు రోజుల్లో విరిగిపోతాయి. ఇమిడాక్లోప్రిడ్ వంటివి మట్టిలో నెలల తరబడి ఉండగలవు, నీటితో కదలగలవు. డీడీటీని మన దేశంలో వ్యవసాయానికి 1989లోనే నిషేధించారు, బీహెచ్‌సీని 1997లో. అయినా ఇవి దశాబ్దాలు నిలిచే రకం. నిషేధం అంగడిని మూయిస్తుంది, మట్టిని కడగదు.

ఎరువుల సంగతి వేరు. ఫాస్ఫేట్ ఎరువులతో పాటు కొద్దికొద్దిగా కాడ్మియం అనే భారలోహం నేలలో చేరుతుంది. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకులోకి లాగే గుణం ఉన్న మొక్క. నిమ్మతోటల్లో గజ్జి తెగులుకు కొట్టే రాగి మందులు కూడా అంతే. రాగి విరిగిపోదు. ఏళ్ల తరబడి పేరుకుంటుంది.

భూసార కార్డులో లేని గడులు

కేంద్రం 2015 ఫిబ్రవరి 19న భూసార ఆరోగ్య కార్డుల పథకం మొదలుపెట్టింది. కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. ఇందులో పురుగుమందు అవశేషాలకు గడి లేదు. కాడ్మియం, సీసం, ఆర్సెనిక్‌కు గడి లేదు. ప్లాస్టిక్‌కు లేదు. రాగిని కొలుస్తారు, కానీ తక్కువైందా అని చూడటానికే తప్ప ఎక్కువైందా అని కాదు. కార్డు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంకా ఏ ఎరువు వేయాలి?

పరీక్ష లేకపోతే సాక్ష్యం లేదు. సాక్ష్యం లేకపోతే కేసు లేదు. పక్క రాష్ట్రంలో జరిగింది చూడండి. తమిళనాడులో తోళ్ల శుద్ధి పరిశ్రమల వ్యర్థాలు పాలార్ పరీవాహకంలోని పొలాలను పాడుచేశాయి. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతమేరకో సేద్యానికి పనికిరాకుండా పోయిందని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం సర్వేలో తేలింది. ఆ లెక్క సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమేనని కోర్టు ప్రకటించింది. అక్కడ మట్టిని ఎవరో కొలిచారు కాబట్టే ఆ తీర్పుకు ఆధారం దొరికింది.

ఎవరి చేతులు, ఎవరి భూమి

2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే దళితుల్లో సగానికి పైగా వ్యవసాయ కూలీలే. మందు కలిపేది, కొట్టేది, ఖాళీ డబ్బా పారేసేది, మల్చింగ్ షీటు పీకేది, గట్టున పోగేసి నిప్పు పెట్టేది కూలీలే. పొగాకులో తల తుంచాక పిలకలు రాకుండా మొక్కమొక్కకూ మందు పోయాలి. తడి ఆకు కొట్టేటప్పుడు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం దాని గుర్తులు. కూలి మనిషి దాన్ని ఎండదెబ్బ అనుకుని ఇంటికి పోతుంది. ఆసుపత్రి రికార్డులోకి ఎక్కదు.

భూమి ఉన్న దళిత కుటుంబాల సంగతి కూడా ఆలోచించాలి. వారిలో చాలామందికి ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా భూమి. ఎకరమో రెండెకరాలో, తరచుగా నీటి వసతి లేని నేల. పెద్ద రైతు ఒక చేను పాడైతే ఇంకో చేను కౌలుకు తీసుకుంటాడు. రెండెకరాల పట్టాదారుకు మరో చేను లేదు. పై పొలం నుంచి వానకు కొట్టుకొచ్చే మందూ ప్లాస్టిక్కూ దిగువ పొలంలోనే నిలుస్తాయి. మీ ఊళ్లో ఎవరి పొలం ఎగువన ఉంది, ఎవరిది దిగువన ఉంది, ఊరి చెత్త ఏ వాడ పక్కన పడుతోంది అన్నవి పటం గీసి చూసుకోండి. కులం ఆ పటంలో కనిపిస్తుంది.

నీటిని మురికి చేయడం కులం పని అని మనకు కొత్తగా తెలిసిందేమీ కాదు. 1985 జూలైలో కారంచేడులో మొదలైన గొడవ దళితులు తాగే చెరువు నీటిని పాడు చేయడం మీదే. మాదిగ స్త్రీ మున్నంగి సువార్త అడ్డు చెప్పింది. మరుసటి రోజు జూలై 17న మాదిగవాడ మీద దాడి జరిగింది.

చట్టం ఏం చెబుతోంది

పురుగుమందుల చట్టం 1968లోది, నియమావళి 1971లోది. 39వ నియమం ప్రకారం మందు చల్లేవారితో సహా దాన్ని వాడే వారందరికీ తగిన రక్షణ దుస్తులుండాలి. 42వ నియమం వారికి శిక్షణ ఇవ్వాలంటోంది. 44వ నియమం ప్రకారం ఖాళీ డబ్బాలను బయట వదిలేయకూడదు, మళ్లీ వాడకుండా పగలగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలి. ఆ బాధ్యత తయారీదారులదీ, మందు వాడకం నిర్వహించేవారిదీ. చట్టంలోని 26వ సెక్షన్ కింద, మందుల వల్ల విషప్రభావానికి గురైన ప్రతి ఘటననూ నివేదించాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు.

2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు గ్రామాలకు కూడా వర్తిస్తాయి. ప్లాస్టిక్ ప్యాకింగ్‌తో సరుకు అమ్మే కంపెనీ ఆ వ్యర్థానికి బాధ్యత వహించాలి. చెత్తను బహిరంగంగా తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 రూపాయల పరిహారం వసూలు చేయాలని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది.

అట్రాసిటీ చట్టం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. 2015 సవరణ తరువాతి సెక్షన్ 3(1)(ఎక్స్) ప్రకారం, ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే నీటి వనరును ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి పాడుచేసి, ఆ వాడకానికి దాని యోగ్యతను తగ్గించినా నేరం. దళితవాడ బావిలో, కుంటలో మందు ట్యాంకు కడగడాన్ని ఈ కోణంలో కూడా చూడాలి. నష్టపరిహారం కోసం హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పరిహారం కోరడానికి గడువు 5 సంవత్సరాలు.

అడగాల్సినవి

సమాచార హక్కు కింద మండల వ్యవసాయ అధికారిని అడగండి: 39, 42, 44 నియమాల అమలుకు గత మూడేళ్లలో ఏం చేశారు? కూలీలకు ఎన్ని శిక్షణలు పెట్టారు? ఖాళీ డబ్బాలు వెనక్కి తీసుకునే కేంద్రం ఎక్కడుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడగండి: మందు తగిలి వచ్చినవారిని ఏ రిజిస్టరులో రాస్తున్నారు? గ్రామసభలో పెట్టండి: దళితవాడ తాగునీటికి పురుగుమందుల పరీక్ష, డీకేటీ భూముల మట్టికి భారలోహాల పరీక్ష.

కూలి బేరంలో గ్లౌజులు, మాస్కు, సబ్బు, నీళ్లు కూడా ఉండాలి. డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని ట్యాంకులోనే పోయాలి, డబ్బాకు చిల్లు పెట్టాలి. ఇంట్లో నీళ్లకో నూనెకో దాన్ని ఎప్పుడూ వాడకూడదు. మందు తగిలి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డబ్బా వెంట తీసుకెళ్లాలి. లేబులు మీది ఎర్ర త్రికోణం అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం, ఆకుపచ్చ అంతకంటే తక్కువ. తక్కువ అంటే లేదని కాదు.

వేరే దారి లేదా అంటే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు బీడు పడిన మెట్ట నేలలను మందుల్లేని చిరుధాన్యాల చేలుగా మార్చారు, విత్తనాన్ని తమ చేతిలోనే ఉంచుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వారికి దక్కింది. వారి నేల కూడా ఉదయగిరి మెట్టలాగే వానను నమ్ముకున్నదే. తేడా ఎక్కడంటే, ఆ చేలో ఏం వేయాలో ఏం వేయకూడదో అక్కడ పనిచేసే స్త్రీలే తేల్చుకున్నారు.

డీసీ పల్లిలో బేలు విప్పి ఒక దారం పోగు కోసం వెతికే కన్ను ఉంది. ఆ కన్ను చేలోకీ, దళితవాడ బావిలోకీ చూసేలా చేయడమే మన పని.