కోకో లోయల చరిత్ర – చెట్టు పెంచినోడికి మిగిలిందేటి?



2024 చివర్లో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో గింజల ధర 12 వేల డాలర్లు దాటింది. అప్పట్నుంచి "కోకో వేస్తే బాగుపడిపోతాం" అనే మాట మన ఊళ్ళ దాకా వచ్చింది. వెయ్యాలా వద్దా అన్నది ఎవరి భూమిని బట్టి వాళ్ళు తేల్చుకోవాలి. దానికి ముందు ఈ పంట చరిత్ర ఒకసారి చూద్దాం. ఎందుకంటే ఇది మొదట్లో మనలాంటి ఆదివాసుల పంటే.

కోకో పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ ప్రాంతం. ఈక్వడార్ దేశంలో మాయో-చిన్చిపె నదీలోయలో తవ్వకాల్లో దొరికిన కుండల్లో కోకో ఆనవాళ్ళు బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 5,300 ఏళ్ళని శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించారు. అంటే చాక్లెట్ కంపెనీలు పుట్టడానికి వేల ఏళ్ళ ముందే అడవి బిడ్డలు ఈ చెట్టును మచ్చిక చేసుకున్నారు.

మరి వాళ్ళకేం మిగిలింది? రెండు చోట్ల సంగతి చెప్పుకుందాం.

మొదటిది సొకొనుస్కో. మెక్సికో దేశంలో పసిఫిక్ తీరాన ఉన్న సారవంతమైన నేల. అక్కడి కోకో అంత మేలైనది కాబట్టే 15వ శతాబ్దం చివర్లో అజ్టెక్ రాజులు దండెత్తి వచ్చి, కోకో గింజల్నే కప్పంగా వసూలు చేశారు. ఆ తర్వాత స్పానిష్ వాళ్ళు వచ్చారు. కప్పం ఆగలేదు, తీసుకునే చెయ్యి మారిందంతే. వాళ్ళు తెచ్చిన రోగాలకి అక్కడి జనం కుప్పకూలిపోయారు. సొకొనుస్కో పేరు మాత్రం స్పెయిన్ రాజదర్బారులో మేలైన చాక్లెట్‌కి గుర్తుగా నిలిచిపోయింది. పేరు మిగిలింది, పండించినోళ్ళు మిగల్లేదు.

రెండోది వెనెజులా దేశంలోని చువావో లోయ. కొండలకీ సముద్రానికీ మధ్య ఉన్న చిన్న ఊరు. ఈ రోజుకీ పడవెక్కి పోవాల్సిందే. 17వ శతాబ్దం నుంచి అక్కడి తోటల్లో పనిచేసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. తోట ఒక భూస్వామి కుటుంబం నుంచి చర్చి ధర్మసంస్థకి, 1827లో కారకాస్ విశ్వవిద్యాలయానికి పోయింది. 1854లో బానిసత్వం రద్దయింది గానీ తోట మీద హక్కు పనిచేసినోళ్ళకి రాలేదు. 1976లో మాత్రమే ఊరివాళ్ళ ఉమ్మడి సంస్థ చేతికి తోట వచ్చింది. 2000లో "చువావో కోకో" అన్న పేరుకి చట్టపరమైన రక్షణ దొరికింది. ఇప్పుడు ఊరివాళ్ళే గింజల్ని పులియబెట్టి, చర్చి ముందున్న వాకిట్లో ఎండబోసి అమ్ముతారు. ప్రపంచంలో బాగా పేరున్న కోకోల్లో అదొకటి. ఇక్కడికి చేరడానికి వాళ్ళకి మూడు వందల ఏళ్ళు పట్టింది.

ఇక మన రాష్ట్రానికి వద్దాం. మన దేశంలో వ్యాపారం కోసం కోకో సాగు 1965లో క్యాడ్‌బరీ కంపెనీ ద్వారా కేరళలో మొదలైంది. ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా పాకింది. ఇప్పుడు దేశంలో కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. కానీ 2025లో ధర పడిపోయినప్పుడు అంత పేరున్న గోదావరి రైతులే రోడ్డెక్కాల్సి వచ్చింది. చివరికి కంపెనీలిచ్చే ధర మీద ప్రభుత్వం కిలోకి 50 రూపాయలు కలపాల్సి వచ్చింది.

అదే గోదావరి ప్రాంతంలో ఇంకో దారి కూడా కనిపిస్తోంది. ఏలూరు జిల్లా తడికలపూడిలో రైతుల దగ్గర కోకో తీసుకుని, జాగ్రత్తగా పులియబెట్టి, హైదరాబాద్‌లో "మనం" పేరుతో చాక్లెట్ చేస్తున్నారు. కాయలోంచి తీసిన గింజకి చాక్లెట్ వాసన ఉండదు. తెల్లటి గుజ్జుతో సహా చెక్కపెట్టెల్లో వేసి, మధ్యలో తిరగేస్తూ అయిదారు రోజులు పులియనివ్వాలి. తర్వాత వారం పాటు ఎండబెట్టాలి. రుచికి పునాది అక్కడే పడుతుంది. ఆ పని తెలిసినోడికే మంచి ధర. తెలియనోడు ఎవరెంతిస్తే అంత తీసుకోవాల్సిందే.

అయితే పనితనం కన్నా ముందు భూమి ఉండాలి. గోదావరి ఏజెన్సీలో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో 1990లలో కోయలు ఎందుకు పోరాడారు? వాళ్ళ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోయాయి కాబట్టి. 1917లో ఒక చట్టం, 1959లో ఒక రెగ్యులేషన్, 1970లో 1/70. ఇన్ని వచ్చినా భూమి జారిపోతూనే ఉంది.

ఆ 1/70 వెనక మన శ్రీకాకుళం నెత్తురుంది. షావుకార్ల అప్పులకి భూములు పోయి, పండిన పంటా, ఏరుకున్న చింతపండూ వాళ్ళ గోదాములకి పోతుంటే మన పెద్దలు గిరిజన సంఘంగా లేచారు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరిని కాల్చి చంపారు. ఆ పోరాటం మధ్యలోనే, 1970లో, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరున మారకుండా చట్టం గట్టిపడింది. కానీ మన జిల్లాలో ఎన్నో సవర, జాతాపు ఊళ్ళు ఐదో షెడ్యూల్‌లోనే లేవు. ఆ ఊళ్ళకి 1/70 వర్తించదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

మేం కొందరం శ్రీకూర్మం వైపు ఉంటున్నాం. ఇక్కడికి దగ్గర్లోనే కళింగపట్నం వద్ద వంశధార సముద్రంలో కలుస్తుంది. ఆ నదిలాగే మన కొండల సరుకంతా కిందికే దిగుతుంది. జీడినే చూడండి. అదీ కోకోలాగే దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టే. సీతంపేట కొండల్లో మనోళ్ళు జీడిపిక్కలు ఏరి సంతలో అమ్ముతారు. పలాసలో అది పప్పవుతుంది. లాభం పప్పు దగ్గరే ఉంది, పిక్క దగ్గర లేదు. రేపు కోకో వచ్చినా, భూమి కాగితమూ పులియబెట్టే పెట్టే మన చేతిలో లేకపోతే జరిగేది ఇదే.

అందుకే ఎవరైనా మన ఊరికొచ్చి మొక్కలిస్తామంటే మూడు ప్రశ్నలు అడుగుదాం. పట్టా ఎవరి పేరున ఉంటుంది? గింజ పులియబెట్టి ఎండబెట్టేది ఎవరు? సరుకు మీద ఎవరి ఊరి పేరు ఉంటుంది? వ్యవసాయం, ఫుడ్ టెక్నాలజీ, లా చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ మూడు ప్రశ్నలకి జవాబు మీ చదువుల్లోనే ఉంది. ఇంట్లో పెద్దోళ్ళకి ఇది మన మాటల్లో చెప్పండి. మీ ఊరు షెడ్యూల్‌లో ఉందో లేదో కనుక్కుని కింద రాయండి. అక్కడ్నుంచి మాట్లాడుకుందాం.

జోహార్!