తోమకూడని తుపాకి

పాత వస్తువు చేతికందితే చాలు, చింతపండూ ముగ్గుపిండీ తెచ్చి తళతళలాడేలా తోమందే మనకి నిద్రపట్టదు. ఇత్తడి బిందెకీ రాగి చెంబుకీ అది మర్యాదే. కానీ తోమితే విలువ పోయే వస్తువు ఒకటుంది. తాతలనాటి ఇంగ్లీషు వేట తుపాకి. "తుపాకుల గొడవ ఆడవాళ్ళకెందుకమ్మా!" అని పేజీ తిప్పేయకండి. ఇంటి పెద్దాయన పోయాక, బీరువా వెనకనుంచి గుడ్డలో చుట్టిన ఆ తుపాకి బయటపడితే, దాన్నేం చెయ్యాలో తేల్చుకోవలసింది చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళే.

మన విశాఖపట్నం పక్కన ఇలాంటివి ఉండడంలో వింతేమీ లేదు. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, 1936లో ఒరిస్సా విడిపోయేదాకా జయపురం... ఒకప్పటి విశాఖ జిల్లా నిండా జమీందారీలే. వెనకాల తూర్పు కనుమల అడవి. దొరలు వస్తే షికారు, దసరాకి షికారు, అల్లుడొస్తే షికారు! 1936లో ఇంగ్లండు వెళ్ళిన మన క్రికెట్ జట్టుకి నాయకుడైన విజయనగరం మహారాజకుమార్ విజ్జీగారు మూడు వందలకి పైగా పులుల్ని కొట్టారని చెప్పుకుంటారు.

పులికి వాడేది రైఫిలు. కౌజులకీ, బాతులకీ, అడవి కోళ్ళకీ వాడేది షాట్‌గన్. దాని తూటాలో ఒకే గుండు ఉండదు, ఆవగింజలంతా మిరియాలంతా ఉండే సీసపు రవ్వలుంటాయి. 'పన్నెండు బోరు' అనే మాట మీరు వినే ఉంటారు. ఒక పౌను సీసం తీసుకుని సమానంగా పన్నెండు గుండ్లు పోస్తే, ఒక్కో గుండూ ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత వెడల్పన్నమాట. మన వంటింటి కొలతల్లాంటిదే!

ఈ తుపాకులు లండన్‌లోనూ, బర్మింగ్‌హామ్‌లోనూ తయారయ్యేవి. 1814లో మొదలైన పర్డీ, 1835 నాటి హాలండ్, బర్మింగ్‌హామ్‌లో 1812 నాటి వెస్ట్‌లీ రిచర్డ్స్ వీటిలో పెద్ద పేర్లు. పైన సుత్తులు కనిపించకుండా లోపలే అమరే పనితనం 1875లో ఆ వెస్ట్‌లీ రిచర్డ్స్‌లో పనిచేసిన ఆన్సన్, డీలీ అనే ఇద్దరి బుర్రలోంచి వచ్చింది. ఓడల్లో కలకత్తా, మద్రాసు చేరిన సరుకుని అక్కడ మాంటన్, రోడా, పి. ఓర్ వంటి దుకాణాలు అమ్మేవి. గొట్టం మీద దుకాణం పేరుంటే అదే తయారీదారు పేరనుకోకూడదు సుమా! బర్మింగ్‌హామ్‌లో చేయించి తమ పేరు చెక్కించుకున్నవాళ్ళు బోలెడుమంది.

మరి సేకరించేవాళ్ళు దీన్లో ఏం చూస్తారు? మెరుపు కాదు, మొదటి రూపు ఎంత మిగిలిందో చూస్తారు. ఉక్కు భాగాలమీద కొత్తలో నీలీ గోధుమా కలగలిసిన రంగులుంటాయి, నెమలికంఠం పట్టుచీరలా. గరుకు కాగితంతో రుద్దితే అవి మళ్ళీ రావు. వాల్‌నట్ కర్రతో చేసిన మడమకి వార్నిషు కొడితే అసలు నూనె మెరుగు చచ్చిపోతుంది. చెక్కిన పూలూ లతలూ అరిగిపోకుండా ఉండాలి. నంబరు చెరిగిపోకూడదు. ఎందుకంటే పెద్ద కంపెనీల పాత పద్దుపుస్తకాల్లో ఆ నంబరు వెతికితే ఏ ఏట తయారైందో, ఎవరికి అమ్మారో దొరకవచ్చు. తోలు పెట్టే, లోపలి కాగితపు చీటీతో సహా మిగిలితే మరీ మంచిది.

గొట్టం లోపలి సంగతి వేరు. మన విశాఖ ఉప్పుగాలికి ఇంటి కిటికీ చువ్వలే నిలవవు! తుడవకుండా వదిలేసిన గొట్టం లోపల మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. పాత తుపాకుల్లో కొన్నింటి గొట్టాలు ఇనపపట్టీ, ఉక్కుపట్టీ జడలా మెలేసి చుట్టి అతికినవి. వాటిమీద జరీ అల్లికలా గీతలు కనిపిస్తాయి. చాలావరకు నల్లమందు కోసం చేసినవవి. ఇప్పటి తూటా పెడితే పేలిపోయి, చెయ్యి పోవచ్చు. ఇంగ్లండులో ప్రతి గొట్టాన్నీ పరీక్షించి ముద్ర వేస్తారు. లండన్‌లో 1637 నుంచి, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి. ఆ ముద్ర చదవగల నిపుణుడు చెప్పేదాకా ఎంత అందమైన తుపాకి అయినా చూడ్డానికే.

ఇంత పదిలంగా ఇవి కొన్ని ఇళ్ళల్లో ఎలా మిగిలాయంటారు? నూనె రాసి తుడిచే నౌకర్లు ఉండబట్టి. అంతకన్నా ముందు, ఉంచుకునే హక్కు ఉండబట్టి. 1878లో లిట్టన్ దొరగారి ఆయుధాల చట్టం దొరలకి మినహాయింపిచ్చింది. మామూలు భారతీయుడికి మాత్రం లైసెన్సు లేనిదే తుపాకి లేదంది. అదే విశాఖ మన్యంలో 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీదికి వెళ్ళింది తుపాకుల కోసమే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి దొరికినవి 26 తుపాకులు. మైదానంలో ఒకరికి పిట్టల వేట సరదా, కొండమీద ఇంకొకరికి బతుకుపోరాటం. మచ్చపడని తుపాకిని చూసి మురిసిపోయేటప్పుడు ఈ రెండో కథనీ తలుచుకోవాలి.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. 1972 వన్యప్రాణి చట్టంతో షికారూ పోయింది. తుపాకి మాత్రం మిగిలింది, దాని వెంట 1959 ఆయుధాల చట్టమూ మిగిలింది. లైసెన్సు భర్తగారి పేరనో మామగారి పేరనో ఉంటే, ఆయనతోటే దాని గడువూ తీరినట్టే. 'మనింటిదేగా' అని అటకమీద దాచకూడదు. పోలీసు స్టేషన్లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించి రసీదు పుచ్చుకోవాలి. ఉంచుకోదలిస్తే వారసులు తమ పేర కొత్తగా అర్జీ పెట్టుకోవాలి. 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండు తుపాకులకి మించి కుదరదు, వారసత్వంగా వచ్చినవాటితో కలిపే.

కాబట్టి అమ్మాయిలూ, అలాంటిది కనబడితే మీరు మీట జోలికి పోవద్దు, లోపల తూటా ఉందో లేదో తెలిసినవాళ్ళనే చూడనివ్వండి. చింతపండు వంటింట్లోనే ఉండనీండి. ఎవరు కొన్నారు, ఎప్పుడు, ఎక్కడ వాడారు అన్నది ఇంట్లో ముసలివాళ్ళుండగానే అడిగి ఒక కాగితంమీద రాసుకోండి. పాత లైసెన్సు పుస్తకం పారేయకండి. విశాఖ బీచి రోడ్డు మీద, పాత డచ్చివారి బంగళాలో, 1991లో తెరిచిన మ్యూజియంలో ఇలాంటి పాతకాలపు ఆయుధాలు ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. ఎంత పలుకుతుందని వాళ్ళు అడుగుతారు, చెప్పండి. దాన్ని ముట్టుకునే హక్కు ఒకనాడు ఎవరికి ఉండేదో, ఎవరికి లేదో, అదీ చెప్పండి.