హౌ టు నేమ్ ఇట్? (ఇళయరాజా ఆల్బమ్)

'హౌ టు నేమ్ ఇట్?' సంగీత దర్శకుడు ఇళయరాజా 1986లో వెలువరించిన వాద్య సంగీత ఆల్బమ్. ఇందులో పది భాగాలున్నాయి. సినిమాతో నిమిత్తం లేకుండా ఆయన చేసిన రచనల్లో దీన్నే సాధారణంగా మొదట చెబుతారు. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌కు (1685–1750), వాగ్గేయకారుడు త్యాగరాజుకు (1767–1847) దీన్ని అంకితమిచ్చారు. ప్రధాన వయొలిన్ వి.ఎస్. నరసింహన్‌ది. సినిమా పాటలకున్నంత ప్రచారం లేకపోయినా, వాద్యకారులూ నేపథ్య సంగీతం మీద చెవి నిలిపే శ్రోతలూ దీన్ని చేతి నుంచి చేతికి అందించుకుంటూ వచ్చారు.

స్వరకర్త నేపథ్యం

ఇళయరాజా స్వగ్రామం పణ్ణైపురం అప్పట్లో మదురై జిల్లాలో ఉండేది. 1996లో తేని జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్లింది. ఆయన 1943 జూన్‌లో పుట్టారు. తేదీ 3 అని చాలా గ్రంథాల్లో ఉన్నా, పుట్టినరోజు జరుపుకొనేది 2న. తమిళనాడు ముఖ్యమంత్రిగా పనిచేసిన కరుణానిధి పుట్టినరోజు కూడా 3నే కావడం వల్ల తాను ఒకరోజు ముందుకు జరిగానని ఇళయరాజా చెప్పిన వివరణే ప్రచారంలో ఉంది. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి కమ్యూనిస్టు సభల్లో వాయించడం ఆయన తొలి సంగీతానుభవం. 1968 ప్రాంతంలో మద్రాసులో ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, స్వరలేఖనం మొదలుపెట్టారు. కర్ణాటక సంగీతం టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర నేర్చుకున్నారు. తొలి చిత్రం 'అన్నక్కిళి' (1976).

పణ్ణైపురం ఉన్న కంబం లోయ చుట్టూ బోడినాయకనూరు వంటి పాళెయాలు, తెలుగు మాట్లాడే పల్లెలు మదురై నాయకుల కాలం నుంచీ ఉన్నాయి. అయినా ఇళయరాజాది తమిళ కుటుంబమే. కాబట్టి ఈ ఆల్బమ్‌కు తెలుగుతో ఉన్న చుట్టరికాన్ని ఆయన పుట్టుకలో వెతకనక్కర్లేదు. వయొలిన్ నడిచి వచ్చిన దారిలోనూ, సినిమా వాద్యబృందం పెరిగిన చోటులోనూ అది కనిపిస్తుంది.

వయొలిన్: ఎట్టయపురం పాయ

కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను మొదట తెచ్చినదెవరన్న విషయంలో రెండు కథనాలున్నాయి. ఒకటి తంజావూరు సోదర చతుష్టయంలోని వడివేలుకు ఆ ఘనత ఇస్తుంది. 1834లో తిరువాన్కూరు రాజు స్వాతి తిరునాళ్ ఆయనకు దంతపు వయొలిన్ బహూకరించడం ప్రసిద్ధమే. రెండోది వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులను (1786–1858) ముందు నిలుపుతుంది. మణలి చిన్నయ్య మొదలియారు ప్రోత్సాహంతో ఆయన మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర ఈ వాద్యం నేర్చుకున్నారు. వడివేలు 1810లో పుట్టినవాడు. కాలక్రమాన్ని బట్టి చూస్తే రెండో కథనమే బలంగా ఉంది. వడివేలు వల్ల వాద్యానికి రాజాదరణ, వ్యాప్తి పెరిగాయనడం సబబు.

బాలుస్వామి ఆస్థాన విద్వాంసుడిగా స్థిరపడిన ఎట్టయపురం మదురైకి దక్షిణాన ఉంది. దాని జమీందార్లు తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్లు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఇక్కడే కన్నుమూశారు. బాలుస్వామి దౌహిత్రుడు సుబ్బరామ దీక్షితులు (1839–1906) 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో రాసి, 1904లో ఎట్టయపురంలోనే అచ్చువేయించారు. ఆయనను ఆ పనికి పురికొల్పినవారిలో చిన్నస్వామి మొదలియారు ముఖ్యులు. మొదలియారు అప్పటికే త్యాగరాజ కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించే పనిలో ఉన్నారు. గమకం ఉన్న సంగీతాన్ని ఐదు గీతల మీద రాయడమెలా అన్న చిక్కు అలా 1890ల నాటికే ముందుకొచ్చింది. ఇళయరాజా ఎదుర్కొన్నది కూడా ఈ చిక్కునే.

వాద్యబృందం: కోయంబత్తూరు పాయ

1930ల నడుమ నుంచి మద్రాసుకు పోటీగా దక్షిణాది సినిమా తయారైన ఊరు కోయంబత్తూరు. సెంట్రల్ స్టూడియోస్, పక్షిరాజా స్టూడియోస్ రెండింటి వెనకా అక్కడి నాయుళ్ల చొరవ ఉంది. పక్షిరాజా అధిపతి ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1954లో 'మలైక్కళ్లన్'ను తమిళంలోనూ, అదే కథను ఎన్.టి. రామారావు, భానుమతిలతో 'అగ్గిరాముడు'గా తెలుగులోనూ తీశారు. సెంట్రల్‌లో సంగీతం చూసిన ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడి దగ్గర చిన్న పనులు చేస్తూ పైకి వచ్చినవారు ఎం.ఎస్. విశ్వనాథన్. విశ్వనాథన్ సహచరుల్లో ఒకరు హైదరాబాదులో పుట్టి కన్నడ చిత్రసీమలో పేరు తెచ్చుకున్న జి.కె. వెంకటేశ్. ఇళయరాజా సొంతంగా చిత్రాలు చేయకముందు ఆయన దగ్గరే సహాయకుడు. ఆ కాలంలో దాదాపు 200 చిత్రాలకు పనిచేశారని చెబుతారు. చూపుతోనే స్వరలిపి చదివి ఒక్క పూటలో రికార్డింగు ముగించగల తంతివాద్య బృందం ఈ స్టూడియో సంప్రదాయంలో తయారైంది. ఆల్బమ్ నిలబడింది అలాంటి వాద్యకారుల నేర్పు మీదే.

నిర్మాణం

భాగాల పేర్లు: 'హౌ టు నేమ్ ఇట్', 'మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్', 'యూ కెనాట్ బి ఫ్రీ', 'స్టడీ ఫర్ వయొలిన్', 'ఈజ్ ఇట్ ఫైర్డ్?', 'ఛేంబర్ వెల్‌కమ్స్ త్యాగరాజ', 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్', '...అండ్ వుయ్ హ్యాడ్ ఎ టాక్', 'డోంట్ కంపేర్', 'డూ ఎనీథింగ్'.

కర్ణాటక సంగీతంలో రాగం ఒకే ధారగా సాగుతుంది. స్వరానికి ప్రాణం గమకం. బాఖ్ సంగీతంలో రెండు మూడు ధారలు ఏకకాలంలో నడుస్తాయి. అవి ఒకదానికొకటి తగలాలంటే స్వరాలు కదలకుండా నిలవాలి. ఫ్యూగ్ పద్ధతిలో ఒక గొంతు ఎత్తుకున్న పల్లవిని మరో గొంతు కాస్త ఆగి అందుకుంటుంది, మొదటిది ఆగిపోకుండా దానికి జోడు నడుస్తుంది. అందరూ గమకం పలికితే ఈ అల్లిక చెదిరిపోతుంది. ఆల్బమ్‌లో చాలాచోట్ల పని పంచి ఇచ్చారు: గమకం ఏకల వయొలిన్ వంతు, నిలకడ వెనకున్న బృందం వంతు.

'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్'కు ఆధారం బాఖ్ ఏకల వయొలిన్ కోసం రాసిన మూడో పార్టిటా తొలి భాగం. ఆ పార్టిటా ఉన్న సంపుటి స్వహస్త ప్రతి మీద 1720 అని ఉంది. ఈ భాగం, దాని తరువాతి భాగం ఒకే సంభాషణకు రెండు అంచెలుగా వినాలని పేర్లే సూచిస్తాయి.

అదే 1986లో వచ్చిన 'పున్నగై మన్నన్', 'విక్రమ్' చిత్రాల్లో ఇళయరాజా యంత్ర లయలను, సింథసైజర్‌ను విరివిగా వాడారు. తెలుగులో 'స్వాతిముత్యం' కూడా ఆ ఏడాదిదే. ఆల్బమ్‌ను వీటి పక్కన పెట్టి వింటేనే ఆయన అప్పటి పని విస్తృతి తెలుస్తుంది.

ఆదరణ, ప్రభావం

దర్శకుడు బాలు మహేంద్ర 1988లో విడుదలైన 'వీడు' చిత్రానికి విడిగా నేపథ్య సంగీతం చేయించకుండా ఈ ఆల్బమ్ భాగాలనే వాడుకున్నారు. సొంత ఇల్లు కట్టుకోవడానికి తంటాలుపడే ఉద్యోగిని పాత్రలో నటించిన అర్చనకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆల్బమ్‌ను విడిగా ఎన్నడూ వినని ప్రేక్షకులకు అందులోని సంగీతం చేరింది ఈ సినిమా ద్వారానే. 1988లోనే హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో ఇళయరాజా రెండో ఆల్బమ్ 'నథింగ్ బట్ విండ్' వచ్చింది. నరసింహన్ తర్వాతి కాలంలో మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్‌ను స్థాపించి, కర్ణాటక కృతులను నాలుగు తంతివాద్యాలకు అమర్చారు. ఆల్బమ్‌కు సూటి వారసత్వం ఏదంటే మొదట చెప్పుకోవలసింది ఇదే.

లండన్ రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో 1993లో ఇళయరాజా రికార్డు చేసిన సింఫనీ విడుదల కాలేదు. 2005లో 'తిరువాచకం' వచ్చింది. 2025 మార్చి 8న లండన్‌లో 'వాలియంట్' సింఫనీని ప్రదర్శించారు. 1986 నాటి ఆల్బమ్‌ను ఈ వరుసకు తొలిమెట్టుగా చూడటం పరిపాటి. అయితే సింఫనీ విశాలమైన వాద్యబృందానికి రాసేది. ఆల్బమ్ బలమంతా కొద్దిమంది వాద్యకారుల దగ్గరితనంలో ఉంది.

వర్గీకరణ

విదేశీ శ్రోతల్లో ఇళయరాజాకు 'సైకడెలిక్' అన్న విశేషణం తగిలించడం మరో దారిన వచ్చింది. బ్రిటన్‌కు చెందిన ఫైండర్స్ కీపర్స్ సంస్థ 1977–83 మధ్య వచ్చిన ఆయన సినిమా పాటలతో 'సొల్ల సొల్ల' సంకలనం వేసింది. బ్లాక్ ఐడ్ పీస్ (2003), ఎం.ఐ.ఎ. (2007) ఆయన పాటల ముక్కలను తమ రచనల్లో కలుపుకున్నారు. ఎం.ఐ.ఎ. తీసుకున్నది తెలుగువారు 'దళపతి'గా ఎరిగిన చిత్రంలోని పాట. ఇవన్నీ సినిమా పాటలే. ఆ విశేషణాన్ని ఈ ఆల్బమ్‌కు కూడా అంటించడం పొరపాటు.

సైకడెలిక్ సంగీతంతో ఈ ఆల్బమ్‌కు పోలిక ఏదైనా ఉంటే అది ఆదరణ పెరిగిన తీరులోనే. ఇంగ్లండ్‌లో పంక్ తర్వాతి తరానికి చెందిన సాఫ్ట్ బాయ్స్ బృందం 1980లో సైకడెలిక్ ఛాయలతో తెచ్చిన 'అండర్‌వాటర్ మూన్‌లైట్' అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. దాన్ని మెచ్చిన ఆర్.ఇ.ఎం. వంటి రాక్ బృందాల వల్ల దాని పేరు నిలిచి, 2001లో పునర్ముద్రణ పొందింది. ఇళయరాజా ఆల్బమ్‌నూ ముందు నిలబెట్టింది వాద్యకారులే.

దీన్ని 'ఫ్యూజన్' కింద చేర్చడం వాడుక. రెండు సంప్రదాయాల కలయికగా మాత్రమే చూస్తే ఆ పేరు సరిపోవచ్చు. కానీ ఎట్టయపురం ఆస్థానం, కోయంబత్తూరు స్టూడియోలు, మద్రాసు రికార్డింగు గదులు అనే వరుసలో చూస్తే, దక్షిణాది వయొలిన్ చరిత్రలోనే ఇది ఒక అధ్యాయమనడం మరింత సమంజసం.