టిష్యూ మీద చుక్క

స్క్రూలన్నీ వచ్చేశాయి. కార్డు మాత్రం విడిపోవడం లేదు.

మే నెల, శనివారం రాత్రి తొమ్మిదిన్నర. తార్నాకలో మీ ఫ్లాటు. డైనింగ్ టేబుల్ మీద అట్టపెట్టె, దాని మీద బోర్లా పడుకోబెట్టిన గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌టీఎక్స్ 4090. లక్షన్నర పైన పోసి కొన్నావు. చిన్న చిన్న ప్లాస్టిక్ పొరలు ఎగిరిపోతున్నాయని సీలింగ్ ఫ్యాను నువ్వే ఆపావు. ఇప్పుడు చెమట బొట్టు ముక్కు కొసన వేలాడుతోంది. తుడుచుకో. అది కింద పడకముందే తుడుచుకో.

రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగాలనిపిస్తుంది. వద్దు. కంపెనీ బిగించిన కూలరుకీ చిప్పుకీ మధ్య పేస్టు పట్టేసింది, అంతే. హెయిర్ డ్రయ్యరు తెచ్చి రెండు నిమిషాలు వెచ్చబెట్టు. ఎడమకి కొంచెం, కుడికి కొంచెం తిప్పు. ‘చప్’మని చిన్న చప్పుడు. వదిలింది.

ఆగు. ఇంకా ఎత్తకు. సందులోకి ఫోను లైటు వేసి చూడు. కూలరు ఫ్యాన్ల నుంచి బోర్డుకి సన్నటి వైర్లు. ఇంకో రెండంగుళాలు ఎత్తి ఉంటే సాకెట్లతో సహా ఊడొచ్చేవి. గోటితో ఒక్కో ప్లగ్గూ కదిలించి తియ్యి.

ఇప్పుడు ఎత్తు.

బూడిదరంగు పేస్టు తుడిచేసరికి చిప్పు అద్దంలా మెరుస్తూ బయటపడుతుంది. నీ కళ్ళజోడు అందులో కనిపిస్తోంది. తపాలా బిళ్ళంత ముక్కలో 7,600 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు. ప్రాసెసరుకైతే పైన లోహపు మూత ఉంటుంది. దీనికి ఏ అడ్డూ లేదు, ఉత్త సిలికాన్. అంచు మీద స్క్రూడ్రైవరు జారితే ఇక చేసేదేమీ లేదు.

చిప్పు చుట్టూ పన్నెండు నల్లటి మెమరీ చిప్పులు కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాయి. అవీ కాలిపోయేంత వేడెక్కేవే. వాటి మీద థర్మల్ ప్యాడ్లు పరచాలి. మెత్తగా, జున్ను ముక్కల్లా ఉంటాయి. ఏ చోట ఎంత మందం ప్యాడ్ వెయ్యాలో, పాత కూలరు బదులు నీళ్ళతో చల్లబరచడానికి కొన్న వాటర్ బ్లాకుతో వచ్చిన కాగితంలో బొమ్మ గీసి ఉంది. దాన్ని బస్సు టికెట్టులా మడిచి జేబులో పెట్టుకోకు, ఎదురుగా పెట్టుకో. అర మిల్లీమీటరు మందం ఎక్కువైందా, బ్లాకు ప్యాడ్ల మీదే కూర్చుంటుంది, అసలు చిప్పుని తాకదు. ఇంకో సంగతి. ప్రతి ప్యాడ్‌కీ రెండు వైపులా పారదర్శకంగా పొర. ఒక వైపు తీసి రెండో వైపు మర్చిపోవడం అందరూ చేసే పని. లెక్కపెట్టు. పన్నెండు ప్యాడ్లంటే ఇరవై నాలుగు పొరలు నీ పక్కన ఉండాలి. ఇరవై మూడే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టు. ఇరవై నాలుగోది నీ మోచేతికి అంటుకుని ఉంది.

చిప్పుకి కొత్త పేస్టు రాసి, నికెల్ పూత పూసిన రాగి బ్లాకుని పైన దించి, ఎదురెదురు మూలల స్క్రూలని అర తిప్పు చొప్పున బిగిస్తూ పో. ఒకే మూల పూర్తిగా బిగిస్తే రెండో మూల లేస్తుంది.

“కరెంటు వస్తువుకి నీళ్ళేంట్రా?”

నాన్న. లుంగీ, బనీను, చేతిలో మజ్జిగ గ్లాసు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా ఆయన చూపు ముందు దాని కీళ్ళ మీద పడుతుంది.

ఏం చెప్తావు? నువ్వు ఇంట్లో కూర్చుని సినిమా గ్రాఫిక్స్ చేస్తావు. రాత్రంతా రెండరింగ్ నడుస్తుంది. ఈ కార్డు నిండుగా పనిచేస్తే 450 వాట్లు, ప్రాసెసరు రైజెన్ 9 7950ఎక్స్ ఇంకో 230. కలిపితే దాదాపు ఒక ఇస్త్రీ పెట్టె. పాత మిషన్ ఫ్యాన్ల హోరుకి పక్క గదిలో ఆయనకే నిద్ర పట్టేది కాదు. ఇదంతా నిజమే. కానీ ఇలాంటి మిషన్ ఒకటి సొంత చేతులతో కట్టాలని నాలుగేళ్ళుగా ఉన్న సరదా అంతకన్నా పెద్ద నిజం. అది చెప్పవు.

“మీ బస్సు ఇంజనుకి రేడియేటరు లేదా నాన్నా?”

“ఉంది.” మజ్జిగ తాగాడు. “కారేది కూడా.”

ప్రాసెసరు పని తేలిగ్గానే అయిపోతుంది. ఈ రకానికి పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, 1,718. వాటి మీద వేలు పడనివ్వకుండా చిప్పుని దించు, లీవరు వెయ్యి, పేస్టు, బ్లాకు. పది నిమిషాలు.

రేడియేటర్లు రెండు, ఒక్కోదానికి మూడేసి ఫ్యాన్లు. సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ షాపులన్నీ తిరిగి తిరిగి కొన్నావు. చవగ్గా వస్తోందని అల్యూమినియంది చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశావు, మంచిపని. రాగి బ్లాకులూ అల్యూమినియం రేడియేటరూ ఒకే నీళ్ళలో కలిస్తే అదొక చిన్న బ్యాటరీ. అల్యూమినియం మెల్లగా అరిగిపోతుంది. ఇవి రాగివి. బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి, ఇన్వర్టరు కోసం ఇంట్లో పెట్టుకున్న డిస్టిల్డ్ వాటర్ సగం దాకా పోసి, ఊపు. తెల్ల గిన్నెలోకి వంపు. నల్లటి నలకలు. టంకం పెట్టినప్పటి చెత్త. మళ్ళీ పొయ్యి. మళ్ళీ ఊపు. బ్లాకులోపల నీళ్ళు పారే సందులు దువ్వెన పళ్ళ సందుల కన్నా సన్నం. ఈ నలకలు అక్కడికే పోయి ఇరుక్కుంటాయి. నాలుగో విడతకి నీళ్ళు తేటగా వచ్చాయి.

నువ్వు బయటికి వచ్చేసరికి నాన్న టెఫ్లాన్ టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఇక్కడ వద్దు నాన్నా.” ఫిట్టింగు ఆయన అరచేతిలో పెట్టు. నల్లటి రబ్బరు ఓ-రింగు చూపించు. నీళ్ళని ఆపేది మర కాదు, ఈ రింగు. మర నిలబెట్టడానికే. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. “అయితే చేతి బిగువు చాలు” అని గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

నువ్వు ఒక్కడివే ఉన్నావు. పన్నెండు ఫిట్టింగులు. పదకొండు చేత్తో బిగించావు. పన్నెండోది గ్రాఫిక్స్ కార్డు బ్లాకుది. కొంచెం వదులుగా అనిపిస్తోంది. స్పానరు పక్కనే ఉంది. పావు తిప్పు. ఇంకో పావు. హమ్మయ్య.

మెత్తటి పైపులే వాడుతున్నావు. గాజులా మెరిసే గట్టి పైపులు ఫొటోకి అందం. మొదటిసారి కట్టేవాడికి మెత్తటివే దిక్కు. “ముందు దేనికి పోవాలి నీళ్ళు?” నాన్న మళ్ళీ వచ్చాడు. ఆ అనుమానం నీకూ ఉండేది. నిమిషానికి మూడు లీటర్లు తిరుగుతున్నప్పుడు 680 వాట్ల వేడి నీళ్ళని మూడు డిగ్రీలకి కొంచెం పైన మాత్రమే పెంచగలదు. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది పట్టింపు కాదు. ఒక్కటే నియమం: నీళ్ళ తొట్టె పంపుకి ముందు ఉండాలి.

పదకొండున్నర. ఇక నీళ్ళు.

అన్నిటికన్నా ముందు ప్రాసెసరుకి పోయే కరెంటు తీగ పీకి పక్కన పెట్టు. కార్డుదీ పీకు. బోర్డుదీ. పవర్ సప్లైకి పంపు ఒక్కటే మిగలాలి. బోర్డు లేకుండా పవర్ సప్లై లేవదు కదా? 24 పిన్నుల ప్లగ్గులో పదహారో పిన్నునీ పదిహేడో పిన్నునీ కలిపితే లేస్తుంది. ఆ పనికి చిన్న జంపరు ఉంది. గుచ్చు. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ పరుచు. రంగునీళ్ళు కాదు, తేట కూలెంటే పొయ్యి. తొట్టె నిండింది.

కుడిచేతిలో సీసా. ఎడమ చెయ్యి స్విచ్ మీద.

వెయ్యి.

తొట్టె ఒక్క గుక్కలో ఖాళీ అవుతోంది. ఆపు! ఈ పంపు లోపలి బేరింగుకి తిరిగే నీరే నూనె. మీ అపార్ట్‌మెంటు బోరు మోటారు లాంటిదే, ఎండుగా తిరిగితే పోతుంది. నింపు. వెయ్యి. ఆపు. నింపు. వెయ్యి. పైపుల్లో బుడగలు పరుగెడుతున్నాయి. రేడియేటరులో గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు.

“ఎయిర్ లాక్” అన్నాడు నాన్న. అడక్కుండానే కేబినెట్టు ఒక అంచు పట్టుకుని పైకెత్తాడు. ఇటు వంచాడు. అటు వంచాడు. బొళుక్కుమని పెద్ద బుడగ తొట్టెలోకి వచ్చి పగిలింది. చప్పుడు తగ్గింది. నీళ్ళు తేటపడ్డాయి. ఇంత బాగా పారుతుంటే ఇప్పుడే మొత్తం ఆన్ చేసి చూడాలని చెయ్యి లాగుతోంది.

ఇరవై నిమిషాలు.

కార్డు కింది టిష్యూ. ఒక మూల ముదురుగా ఉంది.

నీడేమో.

వేలు పెట్టు.

చల్లగా ఉంది.

స్విచ్!

ఆగింది. పంపు ఆగింది. కార్డు అంచున ఒక చుక్క. ఉబ్బుతోంది. జారింది. బోర్డు మీద పడింది. ఇంకోటి. టిష్యూ, టిష్యూ. ఒత్తు. రుద్దకు, ఒత్తు. ప్రాసెసరు తీగ ఎక్కడుంది? బల్ల మీద. కార్డు తీగ? బల్ల మీదే. ఊపిరి తీసుకో. బోర్డులో కరెంటు లేదు. తడిసింది, అంతే. కరెంటు ఉండి ఉంటే? శుద్ధమైన నీరు కరెంటుని పెద్దగా పోనివ్వదంటారు. మందులు కలిపిన కూలెంటు, దుమ్ము తాకిన చుక్క, శుద్ధమైన నీరు కాదు.

అడుగున వాల్వు తిప్పి నీళ్ళన్నీ గిన్నెలోకి వంపావు. పన్నెండో ఫిట్టింగు విప్పు. ఓ-రింగు మీద నెలవంకలా ఒక కోత.

నాన్న దాన్ని లైటు కింద పట్టుకుని చూశాడు. బల్ల మీది స్పానరుని చూశాడు. నిన్ను చూశాడు.

“ఊఁ” అన్నాడు.

ఉంటే మంచిదని అదనంగా కొన్న ఫిట్టింగులు రెండున్నాయి. ఒకటి చేత్తో తిప్పు. వేళ్ళు ఆగిన చోట ఆపు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ బుడగలు, మళ్ళీ వంచడం. రాత్రి ఒంటిగంట. కొత్త టిష్యూలు. పంపు మెల్లగా ఝుం అంటోంది. ఇప్పుడు తీగలు పెట్టేస్తే అరగంటలో తేలిపోతుంది. నాన్న జంపరు మీద చెయ్యి పెట్టి, “పొద్దున” అన్నాడు. చాప తెచ్చి కేబినెట్టు పక్కనే వేసుకున్నావు.

పొద్దున ఏడు. టిష్యూలన్నీ అప్పడాల్లా కరకరలాడుతున్నాయి. తడిసిన చోట హెయిర్ డ్రయ్యరు ఇంకోసారి. జంపరు తియ్యి. తీగలు పెట్టు. కార్డుకి పోయే 16 పిన్నుల ప్లగ్గుని సందు కనపడకుండా చివరిదాకా నొక్కు. సగం దిగిన ప్లగ్గు కరిగిపోతుంది.

బటన్.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నలుపు.

నిమిషం. నలుపే. బోర్డు మీద ‘డ్రామ్’ అని రాసినచోట పసుపు దీపం. రెండు నిమిషాలు. రాత్రి చుక్క పడింది ఆ పక్కనే. ఆపెయ్యాలా? వేలు బటన్ మీదికి పోతోంది. “చచ్చిందా?” అన్నాడు నాన్న. వేలు వెనక్కి తీసుకో. కొత్త బోర్డు, కొత్త డీడీఆర్5 మెమరీ. ఏ వేగానికి ఎలా మాట్లాడుకోవాలో మొదటిసారి అవి కొలుచుకుంటాయి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికే. మూడు నిమిషాలు. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. నువ్వు ఉలిక్కిపడ్డావు.

దీపం ఆరింది. తెర మీద లోగో.

మధ్యాహ్నం ఒంటిగంటకి తొలి రెండర్ పెట్టావు. గదిలో 34 డిగ్రీలు. తొట్టెలో నీళ్ళు 43. కార్డు 57, చప్పుడే లేదు. ప్రాసెసరు... 95! చెయ్యి మళ్ళీ స్విచ్ వైపు. ఉండనీ. ఈ రకం చిప్పు పరుగే అంత. చల్లదనం ఎంత దొరికితే అంత వేగం పెంచుకుంటూ 95 దగ్గర తనే ఆగుతుంది. నీళ్ళు గది కన్నా చల్లగా ఎలాగూ కావు. మే నెల హైదరాబాదుని ఏ రేడియేటరూ మార్చలేదు.

నాన్న రేడియేటరు మీద, గాలి బయటికొచ్చే చోట, అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు.

“పల్లెవెలుగులో బానెట్ పక్క సీటులా ఉందిరా” అని, ఎయిర్ కూలరు ప్లగ్గు పీకి, దాన్ని తన గదిలోకి తోసుకుపోయాడు.